మా నాయన వాటా 20 శాతం నుంచి 6.67కి పడిపోయింది. కేసు వేయొచ్చా?

గ్రీమ్స్‌పేట అమ్మాయి:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ ఒక్క లెక్క మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

మా నాయన, ఇంకో ముగ్గురు స్నేహితులు కలిసి 1998లో చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ పెట్టారు. ప్రైవేట్ లిమిటెడ్. వంద రూపాయల షేర్లు మొత్తం లక్ష, అందులో నాయనవి 20,000. సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడేవి. నాయన ఇంటికొస్తే చొక్కాతో పాటు జేబులో నోట్లు కూడా మామిడి వాసన కొట్టేవి.

2021 మేలో, కోవిడ్ రెండో వేవ్‌లో నాయన పోయారు. షేర్లు అమ్మ పేరుకు మార్చమని డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేసి రెండుసార్లు ఇచ్చాం. "చేద్దాంలేమ్మా, షేర్లు ఎక్కడికి పోతాయి" అన్నాడు ఎండీ. చిన్నప్పటి నుంచి నేను మామా అని పిలిచే మనిషి.

పోయిన ఫిబ్రవరి ఆఖర్లో గ్రీమ్స్‌పేట పాత ఇంటికి నాయన పేరు మీదే స్పీడ్ పోస్టు వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఫోన్ చేస్తే పోయి తెచ్చుకున్నా. లోపల రైట్స్ ఇష్యూ లెటర్, అంటే ఉన్న షేర్‌హోల్డర్లకే వాళ్ల వాటా ప్రకారం కొత్త షేర్లు ఇస్తామనే లెటర్, తేదీ ఫిబ్రవరి 4. రెండు లక్షల కొత్త షేర్లు, అదే వంద రూపాయలకు. మా వంతు 40,000 షేర్లు, అంటే 40 లక్షలు, 20వ తేదీలోగా కట్టాలట. కవరు తిప్పి చూస్తే పోస్టాఫీసు ముద్ర 22! మేం కట్టలేదని మొత్తం వాళ్లే తీసుకున్నారు. హైవే పక్కన ఆరెకరాలున్న కంపెనీ షేరు ఇంకా వంద రూపాయలేనా?

షేర్‌హోల్డర్లు ఏడుగురే. పది శాతం లేకపోతే కేసు వేయలేమని ఒకరు చెప్పారు, నిజమేనా? అమ్మేమో "నీ పెళ్లికి పందిరి వేయించిన మనిషి మీద కోర్టుకెక్కుతావా" అంటోంది.

కొంగారెడ్డిపల్లి కుర్రోడు:
చీటింగ్ కేసు పెట్టేయండక్కా. స్టేషన్‌కు పిలిపిస్తే దారికొస్తాడు.

సీఎస్ సూరి:
తమ్ముడూ, కంపెనీ సెక్రటరీగా చెబుతున్నా, స్టేషన్‌కు పోతే "ఇది సివిల్ గొడవమ్మా" అని పంపేస్తారు. సివిల్ కోర్టుకు పోతే, కంపెనీల చట్టం 430వ సెక్షన్ ప్రకారం ఇది మా పరిధి కాదంటుంది. పోవాల్సింది ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల గొడవలు చూసే ట్రిబ్యునల్‌కు, మనకు అమరావతి బెంచ్. 2013 చట్టంలో షేర్‌హోల్డర్ల అణచివేత మీద ఉన్న 241, 242 సెక్షన్ల కింద పిటిషన్. కోర్టు ఫీజు పది వేలు, లాయరు సంగతి వేరే.

మేడమ్, పది శాతం అన్నవాళ్లు 244వ సెక్షన్‌లో సగమే చదివారు. షేర్ల విలువలో పదో వంతు ఉండాలి, లేదంటే సభ్యుల సంఖ్యలో పదో వంతు ఉన్నా చాలు. ఏడుగురిలో పదో వంతంటే ఒక మనిషి కూడా కాదు. కాబట్టి ఒక్కరే వేయొచ్చు. ఇంకా అమ్మ పేరు కంపెనీ సభ్యుల రిజిస్టర్‌లోకి ఎక్కలేదు కదా అని వాళ్లు అంటారు. చనిపోయిన సభ్యుడి వారసులు పిటిషన్ వేయొచ్చని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. నిజానికి కాగితాలు అందిన నెలలోపు పేరు మార్చి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కంపెనీయే. రెండుసార్లు ఇచ్చినదానికి రసీదు ఉందా?

ఇప్పుడు ఆ కవరు. లామినేషన్ చేయించకండి, పంచ్ కొట్టకండి, అలాగే భద్రంగా పెట్టండి. 62వ సెక్షన్, దాని రూల్స్ ప్రకారం ఆఫర్ కనీసం ఏడు రోజులు తెరిచి ఉండాలి, నోటీసు అది తెరవడానికి మూడు రోజుల ముందే పంపాలి. ప్రైవేట్ కంపెనీలో 90 శాతం సభ్యులు ఒప్పుకుంటే ఈ గడువులు తగ్గించుకోవచ్చు, కానీ ఏడుగురిలో మీరు లేకుండా వాళ్లకు 90 శాతం ఎక్కడిది? ఎండీ షేర్లు తనకే రాసుకుని కంపెనీని చేతుల్లోకి తీసుకుంటే అది అణచివేతేనని 2004లో డేల్ అండ్ క్యారింగ్టన్ కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపునే కొట్టేసింది. మీది దానికి దగ్గరగా ఉంది.

ఒక్క మాట. ఇరవై ఏళ్లుగా డివిడెండ్ ఇవ్వలేదని, కారు కొనుక్కున్నాడని అన్నీ పిటిషన్‌లో కుక్కకండి. డివిడెండ్ ఇవ్వకపోవడం ఒక్కటే అయితే అన్యాయం కిందకు రాదు. షేర్ల కేటాయింపు మీదే నిలబడండి. మూడేళ్ల గడువుంది, అంతదాకా ఆగొద్దు. ఇంకా కొత్తగా షేర్లు ఇవ్వకుండా, భూమి అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడగండి.

ముందు ఎంసీఏ పోర్టల్‌లో, అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో, వంద రూపాయలు కట్టి కంపెనీ కాగితాలు తెరవండి. పీఏఎస్-3 అనే ఫారం ఉంటుంది. షేర్లు ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో అందులో దొరుకుతుంది.

కుప్పం గ్రానైట్:
మా చిన్నాయన వాళ్లతో మాకూ ఇలాగే అయింది, క్వారీ కంపెనీ. చివరికి మా షేర్లు వాళ్లే కొనాలని రాజీ కుదిరింది. ట్రిబ్యునల్ కూడా అలా ఆర్డర్ ఇవ్వగలదు. కానీ అసలు గొడవ అక్కడ మొదలైంది. వాళ్లు పెట్టిన వాల్యూయర్, అంటే ఆస్తికి విలువ కట్టే మనిషి, మెషినరీని పాత ఇనుము కింద లెక్కేసి, భూమిని పుస్తకంలో ఉన్న పాత ధరకే చూపించాడు. ఒక్క తేదీ మీదే నాలుగు నెలలు వాదించుకున్నాం, షేర్లు ఇచ్చిన నాటి ధరా, కేసు వేసిన నాటి ధరా అని. మీ ఆరెకరాల రిజిస్ట్రేషన్ విలువ ఇప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని పెట్టుకోండి. పందిరి సంగతి అమ్మకు వదిలేయండి, మా అమ్మ కూడా అలాగే అంది.

గ్రీమ్స్‌పేట అమ్మాయి:
సూరి గారూ, రాత్రి పోర్టల్ తెరిచాను. పీఏఎస్-3 దొరికింది. రెండు లక్షల షేర్లూ ఎండీకి, వాళ్లబ్బాయికి. కేటాయింపు బోర్డు మీటింగ్ తేదీ ఫిబ్రవరి 17. మా గడువు 20 కదా! నేనేమైనా తప్పు చూశానా అని మూడుసార్లు చూశాను. రసీదు మొదటిసారి ఇచ్చినదానికి ఉంది, కంపెనీ ముద్రతో.

సీఎస్ సూరి:
తప్పు చూడలేదమ్మా. మీకిచ్చిన గడువు ఇంకా మూడు రోజులుండగానే మీ వంతు కూడా పంచేసుకున్నారు. ఆ ఫారానికి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. సోమవారం అమ్మను కూడా తీసుకుని రండి, వకాలతు మీద ఆమె సంతకం కావాలి.