అప్‌డేట్: కాన్‌కూన్‌లో మా శాకాహార మిత్రుడి భోజనం

నలుగురు మిత్రులం మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నామనీ, మాలో ఒకరైన శాకాహారికి అక్కడ ఏం దొరుకుతుందనీ గత నెల అడిగాను. నల్ల చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు కలుపుతారేమో ముందే అడగమన్న మీ సలహా బాగా పనికొచ్చింది, మొదటి హోటల్లోనే “మాంతేకా (స్పానిష్‌లో పందికొవ్వు) ఉందా?” అంటే, ఉందన్నారు. ఆపైన అతడు నాగజెముడు మట్టల టాకోలతో, సున్నం నీటిలో ఉడికించిన మొక్కజొన్నతో చేసిన వేడి టోర్టియా రొట్టెలతో హాయిగా గడిపాడు.

పడవలో ఇస్లా ముహేరెస్ దీవికి వెళ్లిన రోజున, జాఫ్రా గింజల ముద్ద, పుల్లనారింజ రసం పట్టించి అరటాకులో చుట్టి నిప్పులపై కాల్చిన టికిన్ షిక్ చేపను, ఆకు విప్పగానే ఎర్రటి రసం మణికట్టు దాకా కారుతుండగా, మిగిలిన ముగ్గురమూ చేతులతోనే తిన్నాము. గుంటూరు మిరపకాయ తిన్నవాడినన్న ధీమాతో హబనేరో అనే ఘాటైన మిరపకాయల పచ్చడి చెంచాడు వేసుకున్న నాకు మాత్రం కొబ్బరినీళ్లే దిక్కయ్యాయి.