బతుకమ్మ లేని తెలంగాణ తల్లి

ప్రశ్న: మా చౌరస్తాలోని పాత తెలంగాణ తల్లికి కిరీటం, చేతుల్లో బతుకమ్మ, మక్క కంకులు ఉన్నాయి. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో ఆవిష్కరించిన విగ్రహానికి కిరీటం లేదు, బతుకమ్మా లేదు. ఆకుపచ్చ చీర, ఎడమచేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు. "మన అమ్మ ఎవరు?" అంటోంది మా పాప. ఏం చెప్పాలి?

జవాబు: అక్కా, కిరీటం లేకపోవడమే నాకు నచ్చింది. నాట్లేసి వచ్చి కొంగుతో చెమట తుడుచుకునే మా అమ్మే గుర్తొచ్చింది.

జవాబు: బతుకమ్మ లేకపోవడం మాత్రం బాధే తమ్ముడూ. ఉద్యమంలో నడిరోడ్డు మీద పేర్చి ఆడినవాళ్లం. తంగేడు, గునుగు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపితేనే మాకు తల్లి.

ప్రశ్న అడిగినవారు: నాకూ అదే లోటు. ఈ పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, గునుగుపూలకు రంగులద్దడం పాపకు నేర్పిస్తాను.