పాత కేవీఎం స్విచ్‌లో లాగిన్ అవుతోంది కానీ సర్వర్ తెర రావడం లేదు

ప్రశ్న:
సర్వర్ గదిలోని ఒకే కీబోర్డు, మౌస్, తెరతో చాలా సర్వర్లను నెట్‌వర్క్ ద్వారా నడిపించే ఎనిమిది పోర్టుల ఐపీ కేవీఎం స్విచ్‌ను నా సీటు దగ్గరి నుంచే బ్రౌజర్‌లో వాడాలని ప్రయత్నిస్తున్నాను. దాని ఐపీ అడ్రసు కొడితే ముందు సర్టిఫికెట్ హెచ్చరిక వస్తోంది. అది దాటాక లాగిన్ పేజీ, పోర్టుల జాబితా మామూలుగానే కనిపిస్తున్నాయి. అయితే ఏ పోర్టు మీద నొక్కినా సర్వర్ తెరకు బదులు జేఎన్‌ఎల్‌పీ అనే చిన్న ఫైలు డౌన్‌లోడ్ అయి ఊరుకుంటోంది. పింగ్‌కు జవాబు వస్తోంది, కేబుల్ కూడా మార్చి చూశాను. సర్వర్ బూట్ మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్ పనికిరాదు. లోపం నెట్‌వర్క్‌లో ఉందా, స్విచ్‌లో ఉందా?

మొదటి జవాబు:
రెండింటిలోనూ లేదండి. మీ స్విచ్‌లో లాగిన్ పేజీని చూపేది బ్రౌజరే అయినా, సర్వర్ తెరను చూపేది జావా. ఆ ఫైలు, జావా ప్రోగ్రాములను నెట్‌వర్క్ నుంచి తెచ్చి నడిపే జావా వెబ్ స్టార్ట్‌కు ఇచ్చే సూచనల చీటీ వంటిది. క్రోమ్ 2015లోనే, ఫైర్‌ఫాక్స్ 2017లో జావా ప్లగిన్‌ను వదిలేశాయి. 2018లో వచ్చిన జావా 11 నుంచి వెబ్ స్టార్ట్‌ను కూడా తీసేశారు. ముందుగా తయారీదారు సైటులో హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ (జావా లేకుండా బ్రౌజర్‌లోనే సర్వర్ తెర చూపేది) ఉన్న ఫర్మ్‌వేర్, అంటే స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్, దొరుకుతుందేమో చూడండి, అది దొరికితే ఈ తిప్పలేవీ ఉండవు. లేకపోతే జావా 8 వేసుకొని, జావా కంట్రోల్ ప్యానెల్‌లోని మినహాయింపు సైట్ల జాబితాలో స్విచ్ అడ్రసును హెచ్‌టీటీపీఎస్‌తో సహా చేర్చి, ఆ ఫైలును తెరవండి. రోజూ వాడే కంప్యూటర్లో పాత జావా పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. దీని కోసమే ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌గా నడిచే విడి కంప్యూటర్) కేటాయించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కొత్త ఫర్మ్‌వేర్ లేదు. వర్చువల్ మెషీన్‌లో మీరు చెప్పినట్లే చేస్తే విండో తెరుచుకుంది కానీ, లోపల అంతా నల్లగా ఉండి, కాసేపటికి కనెక్షన్ విఫలమైందని చెబుతోంది.

రెండో జవాబు:
లాగిన్ పేజీ 443 నెట్‌వర్క్ పోర్టులో (ఇది తీగ తగిలించే పోర్టు కాదు, నెట్‌వర్క్‌లో ఒక్కో సేవకు ఇచ్చే సంఖ్య) నడిచినా, చాలా మోడళ్లలో వీడియోకు, కీబోర్డుకు వేరే పోర్టు ఉంటుంది. స్విచ్ నెట్‌వర్క్ సెట్టింగులలో ఆ సంఖ్య చూసి, మీ సీటుకూ సర్వర్ గదికీ మధ్య ఉన్న ఫైర్‌వాల్‌లో మీ కంప్యూటర్‌కు మాత్రమే అనుమతి ఇప్పించండి. ఇంటి నుంచి కూడా చూడాలనిపించి ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచే పని మాత్రం దయచేసి చేయకండి. స్విచ్ చేతికి చిక్కితే దానికి తగిలించిన ప్రతి సర్వర్ ముందూ కీబోర్డు పట్టుకొని కూర్చున్నట్లే. బయటి నుంచి అవసరమైతే వీపీఎన్ ద్వారానే రండి.

ప్రశ్న అడిగినవారు:
ఆ పోర్టు తెరిపించగానే తెర వచ్చింది. సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద బూట్ సెట్టింగులను నిలిపి ఉంచే చిన్న బ్యాటరీ) అయిపోయిందని, ముందుకు సాగడానికి ఎఫ్1 నొక్కమని సర్వర్ అడుగుతూ ఆగి ఉంది. ఇక్కడి నుంచే నొక్కాను, బూట్ అయింది. ఇప్పుడు తెర మీద రెండు మౌస్ బాణాలు కనిపిస్తూ, ఒకటి వెనకబడుతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
సర్వర్‌లో మౌస్ యాక్సిలరేషన్ (మౌస్‌ను వేగంగా కదిపితే బాణం మరింత దూరం పోయే సెట్టింగు) ఆపేసి, కన్సోల్ మెనూలో మౌస్ సింక్ నొక్కండి, రెండూ కలిసిపోతాయి. బ్యాటరీని ఈ వారంలోనే మార్పించండి.