పోల్చడమా, గుర్తించడమా, తేల్చడమా?

సభ్యులకు నమస్కారం. మాది అమలాపురం దగ్గర. మా మేనకోడలు సముద్రపు సయనోబాక్టీరియా (పాచిలా పెరిగే నీలాకుపచ్చ బాక్టీరియా) నుంచి మందులకు పనికొచ్చే పదార్థాలు తీసే ల్యాబులో చేస్తోంది. వచ్చేవారం మా ఊరి హైస్కూల్లో ఆ పని గురించి తెలుగులో చెప్పాలట. ఐసొలేషన్, ఐడెంటిఫికేషన్‌లకు మాటలడిగితే ఠకీమని "వేరుచేయడం, గుర్తించడం" అన్నాను. రెండోదానికి నవ్వింది. "ఇంతవరకు ఎవరూ చూడనిదాన్ని ఎలా గుర్తిస్తాం మావయ్యా?"

అప్పట్నించీ ఇదే టెన్షన్. రాళ్ళకు జుట్టులా పట్టిన పాచిని తెచ్చి, మిథనాల్ లాంటి ద్రావకాల్లో నానబెట్టి, సారం దింపుతారట. దాన్ని సిలికా పొడి నింపిన గొట్టంలో పోసి భాగాలుగా విడగొడతారు. ఏ భాగం క్యాన్సర్ కణాలను చంపుతోందో చూసి దాన్నే మళ్ళీ విడగొడతారు. చివరికి మిగిలిన చిటికెడు పొడి ఇంతకుముందు తెలిసినదేనేమో సరిచూస్తారు. కాకపోతే అణువుల నిర్మాణం చూపే యంత్రం ఎన్ఎంఆర్‌లో పెట్టి, ఏ పరమాణువు పక్కన ఏది ఉందో ఒక్కొక్కటే పట్టుకుంటారు.

ఇవి రెండు వేరు పనులు కదా. మొదటిది 'పోల్చడం', రెండోది 'రూపు తేల్చడం' అంటే?

*

'పోల్చడం' అంటే పిల్లలు కంపేర్ చేయడం అనుకుంటారండీ. 'పోల్చుకోవడం' అనండి. అప్పుడు కూడా విభక్తి చూసుకోవాలి. "ఆయన్ని పోల్చుకున్నాను" అంటే ఆనవాలు పట్టానని. "ఆయనతో పోల్చుకున్నాను" అంటే నన్ను నేను ఆయన పక్కన నిలబెట్టుకున్నానని.

*

మేం రొయ్యల చెరువులు చేస్తామండి. పాచి అంటే పిల్లలకి రేవు మెట్ల మీద జారేదే గుర్తొస్తుంది. చెరువులో గాలివాటు మూలకి తెట్టు కట్టేదాన్ని మేం బ్లూగ్రీన్ అనేస్తాం. అది కనపడిందా, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతుందేమోనని ఏరేటర్ల దగ్గరే కాపలా. దాంట్లోంచి మందు తీస్తారంటే మావాళ్ళు నమ్మరు, ఆయ్. ఇక్కడ మందంటే చెరువులో వేసేదే. లేదా రాత్రి తాగేది.

*

విభక్తి సంగతి చెప్పినవారికి దణ్ణం, 'పోల్చుకోవడం' ఖాయం.

అమ్మాయి ఇంకో కథ చెప్పింది. సముద్రపు కుందేలని ఒక నత్తజాతి జీవి ఉందట. దాన్నుంచి తీసిన డోలాస్టాటిన్ 10 అనే పదార్థం రూపాన్ని 1987లో ప్రకటించారు. వెయ్యి కిలోలు పోగేస్తే దక్కింది మిల్లీగ్రాములే. అదే పదార్థం 2001లో పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల దగ్గర సింప్లోకా అనే సయనోబాక్టీరియాలో నేరుగా దొరికింది. కుందేలు దాన్ని మేస్తే ఒంట్లో చేరిందన్నమాట. దాని పోలికలో కృత్రిమంగా చేసిన పదార్థం హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్‌కిచ్చే ఒక ఇంజెక్షన్‌లో ఉంది. అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది.

అంటే రూపు తేలినా, సొత్తు ఎవరిదో తేలడానికి ఇంకో 14 ఏళ్ళు. దీనికో మాట కావాలంటోంది. 'ఆరా తీయడం' అన్నాను. పోలీసు మాటలా ఉందంటోంది. మీ దగ్గర ఇంకేమైనా ఉందా?