మోంసెగూర్ ఎక్కితే కనబడేది కతార్ల కోటేనా?

పాతగోడ:
ఫ్రాన్స్ దక్షిణాన, ఆరియేజ్ జిల్లాలో, 1207 మీటర్ల ఎత్తున్న కొండ మీది మోంసెగూర్‌ని అందరూ "కతార్ల కోట" అంటారు. కతార్లంటే మధ్యయుగంలో కాథలిక్ చర్చి మతద్రోహులని వెంటాడిన ఒక క్రైస్తవ శాఖవాళ్ళు. కతార్ల కోట అన్న పేరు తప్పని నా వాదన. ఇప్పుడు పైన నిలబడున్న గోడలు కతార్లవి కావు, వాళ్ళను కాల్చినవాళ్ళ పక్షానివి. 1204 ప్రాంతంలో కతార్లు అడిగితే రేమోన్ ద పెరేయ్ అనే దొర కట్టించినది 1244లో ముట్టడికి లొంగాక మిగల్లేదు. కొండ గెలిచిన పక్షపు దొర గీ ద లెవీ చేతికొచ్చింది. ఈ ప్రహరీ, దాని కొసనున్న బురుజు ఆ వంశం హయాంలో లేచినవే. ఆ గోడకి చెయ్యి ఆనించి "ఇక్కడే ప్రార్థన చేసుకునేవాళ్ళు పాపం" అనుకోవడమంటే ఒకరి సమాధి దగ్గర ఇంకొకరికి దండం పెట్టడమే.

కొండగాలి:
పేరు గోడది కాదండీ, కొండది. 1232లో గిలాబెర్ ద కాస్త్ర్ అనే కతార్ బిషప్ తమ సంఘానికి కేంద్రంగా అడిగింది ఈ కొండనే. సుమారు వందమంది పోరాడేవాళ్ళు, పదివేలని చెప్పుకునే ముట్టడి సైన్యాన్ని 1243 మే నుంచి పది నెలలు నిలబెట్టారు. గోడ బలం వల్లనా అది? నిలువు చరియలు, పైన వాననీటి తొట్లు, రాత్రిళ్ళు కాపలా సందుల్లోంచి తిండి మోసుకొచ్చే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. చరియ ఇప్పటికీ అలాగే ఉంది. ఎక్కితే ఆయాసంతోనే సగం చరిత్ర అర్థమౌతుంది.

పాతగోడ:
కొండ సంగతి ఒప్పుకుంటా. అయితే దెబ్బ తిన్నదీ కొండ వైపునుంచే. శిఖరానికి తూర్పు కొసన రోక్ ద లా తూర్ అనే బండ ఉంది. ముట్టడి నాటి చలికాలంలో, రాత్రిపూట, ముట్టడించినవాళ్ళ తరఫున కొండలెక్కే అలవాటున్నవాళ్ళు చరియ పట్టుకుని పాకి దాన్ని గెలిచారు. రాళ్ళు విసిరే యంత్రం శిఖరం మీదికి చేరాక ఇక కోటకి రోజులు లెక్కే. వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది అటు తలైనా తిప్పరు, ద్వారంలో సెల్ఫీ దిగి దిగిపోతారు. (అటు నడిచి వెళ్ళమని మాత్రం అనడం లేదు. చెట్లమధ్య చరియ అంచు, మామూలు సందర్శకుల దారి కాదు. కోట దగ్గర్నుంచి చూస్తే చాలు.)

బూట్లుముఖ్యం:
వాదన మీరు కానివ్వండి, వెళ్ళేవాళ్ళ కోసం నాలుగు మాటలు. తులూజ్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. రైలు ఫ్వా అనే పట్టణం వరకే, అక్కడినుంచి ఇంకో ముప్ఫై కిలోమీటర్లకి కారు లేకపోతే రోజంతా దారిలోనే పోతుంది. కారు ఆపిన చోటి నుంచి పైకి అరగంట, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకి నలభై అయిదు నిమిషాలు. టికెట్ గది దారి మధ్యలో ఉంటుంది, మొదట్లో కాదు. పైన నీళ్ళు దొరకవు, నీడా తక్కువే. మనిషికి లీటరు పట్టుకెళ్ళండి. జారిపడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. సున్నపురాయి లక్షల అడుగులకి అరిగి నున్నగా అయింది, మీద తడి పడితే సబ్బే. గాడి ఉన్న బూట్లు తప్పనిసరి, చేతికర్ర ఉంటే మరీ మంచిది. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములొస్తే పైన దాక్కునే చోటుండదు, పొద్దున్నే ఎక్కేయండి.

ఉత్తరాయణం:
జూన్ 21 తెల్లవారుజామున బురుజు సన్నకంతల్లో ఒకవైపు దూరిన ఎండ ఎదురు కంతల్లోంచి బయటికొస్తుంది. కతార్లు దీన్ని సూర్యమందిరంగా కట్టారనడానికి ఇంకేం కావాలి?

పాతగోడ:
కట్టింది వాళ్ళు కాదని మొదటి పోస్టులోనే చెప్పాను కదా సార్. కతార్ల నమ్మకంలో కంటికి కనిపించే ఈ లోకమే మంచి దేవుడి సృష్టి కాదు. అలాంటివాళ్ళు సూర్యుడికి గుడి కట్టడమేంటి? వాళ్ళకున్న ముఖ్యమైన సంస్కారం తలమీద చేతులుంచి ఇచ్చే కన్సోలమెంతుమ్ ఒక్కటే, దానికి గుడి అక్కర్లేదు.

కొండగాలి:
ఇక్కడ నేను పాతగోడ గారి వైపే. ఇంకో చిక్కు కూడా ఉంది. జూన్ 21కి అటూ ఇటూ సూర్యుడు ఉదయించే చోటు దాదాపు కదలదు, కాబట్టి ముందూ వెనకా కొన్ని రోజులు అదే ఎండ అవే కంతల్లో దూరుతుంది. "సరిగ్గా ఆ రోజే" అన్నది నిలవదు. చూడ్డానికి అందంగా ఉంటుంది, ఎక్కండి, చూడండి. చీకట్లో ఎక్కాలి గనక తలకి లైటు కట్టుకోండి. 1930లలో ఒక జర్మన్ రచయిత ఇదే కొండకి క్రీస్తు పానపాత్ర కథ అంటగట్టాడు, అప్పట్నుంచీ ఈ కొండకి కట్టుకథలు తగ్గలేదు.

బూట్లుముఖ్యం:
మరి కతార్లవంటూ నిజంగా మిగిలిందేంటి?

పాతగోడ:
ప్రహరీ బయట ఉత్తరం వైపు చూడండి. చరియకి అతుక్కున్న మెట్టు మెట్టు చదునులు, మోకాలెత్తు గోడ మొదళ్ళు. వాళ్ళ ఊరు అదే. తవ్వకాల్లో దొరికిన సామాను కింద ఊళ్ళోని మ్యూజియంలో ఉంది. పైకెక్కే ముందు అది చూస్తే ఆ చదునుల్లో ఇళ్ళు కనబడతాయి, లేకపోతే రాళ్ళగుట్టలే.

కొండగాలి:
కింద మైదానంలో 1960లో నిలబెట్టిన రాతి స్తంభాన్ని మరిచారు. స్థానిక భాషలో ఆ చోటు పేరు "ప్రా దెల్స్ క్రెమాట్స్", కాలిపోయినవాళ్ళ బీడు. 1244 మార్చి మొదట్లో లొంగిపోయినప్పటి షరతులు తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది: సైనికులకి క్షమాపణ, మతం వదిలినవాళ్ళకి ప్రాణం, పదిహేను రోజుల గడువు. ఆ గడువులోనే, వదిలేస్తే బతుకుతామని తెలిసీ, ఇరవై మందిదాకా కన్సోలమెంతుమ్ తీసుకుని ఆ మతంలో పూర్తిగా చేరారు. మార్చి 16న రెండొందలకు పైగా మనుషుల్ని కాల్చారు. బిషప్ బెర్త్రాన్ మార్తి, పెరేయ్ దొర భార్య కోర్బా, కూతురు ఎస్క్లార్మోంద్ అందులో ఉన్నారు.

పాతగోడ:
మంట సరిగ్గా ఆ స్తంభం చోటే వేశారని మాత్రం రాయకండి. కొండ కింద అన్నంతవరకే ఖాయం.

బూట్లుముఖ్యం:
అయితే వరస ఇలా పెట్టుకోవచ్చా: మ్యూజియం, స్తంభం, కొండ?

కొండగాలి:
ఎండాకాలంలో వద్దు, మ్యూజియం తెరిచి చూసేసరికి ఎండెక్కుతుంది. స్తంభం దారి మొదట్లోనే వస్తుంది, అది చూసి కొండెక్కండి. మ్యూజియం ముందే చూడాలంటే ముందురోజు సాయంత్రానికి ఊరు చేరుకోండి.