ఎనిమిది అడుగుల కంచె లోపల కొమ్ముల జింకను కొడితే అది వేటేనా?

రమణ_ఆస్టిన్: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. ఇండియాలో వాటిని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. ఇక్కడ టెక్సస్ హిల్ కంట్రీలో అవే రెండింటికీ సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. వేట లైసెన్సు, రాంచ్ వాళ్లకు కట్టే ఫీజు ఉంటే చాలు. పెద్ద కొమ్ముల వైట్‌టెయిల్ (ఇక్కడి స్థానిక జింక) కావాలన్నా చాలామంది పోయేది హై ఫెన్స్, అంటే ఎత్తైన కంచె వేసిన రాంచులకే. ఇది న్యాయమైన వేటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నరసింహం: కాదు. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో మొదలుపెట్టిన, వేట కొమ్ముల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బే, తప్పించుకోలేని కంచె లోపల కొట్టిన కొమ్ముల్ని రికార్డులోకి తీసుకోదు. లెక్క వేయండి. 160 ఎకరాల చతురస్రానికి ఒక్కో పక్క అర మైలు. నట్టనడుమ నిలబడ్డ జింకకు ఏ వైపు కంచె అయినా 440 గజాలే. అందులో ఒక ఫీడరు. మూడు కాళ్ల మీద డ్రమ్ము, దాని అడుగున బ్యాటరీ మోటారు, టైమరు. పొద్దున, సాయంత్రం ఒకే వేళకు కొన్ని సెకన్లు తిరిగి మొక్కజొన్న చిమ్ముతుంది. ఆ గరగర వినగానే జింక పొదల్లోంచి బయటికి వస్తుంది. వంద గజాల్లో మంచె. ఇందులో వేటగాడు చేసిందేమిటి?

భాస్కర్_రాంచ్: నరసింహం గారూ, ఫీడరూ మంచే కంచె లేని, వేటకు లీజుకిచ్చే భూముల్లోనూ ఉన్నాయి, టెక్సస్‌లో అది చట్టబద్ధమే. మీ అభ్యంతరం కంచె మీదా, మొక్కజొన్న మీదా? ముందు అది తేల్చండి. 160 ఎకరాలే ఎందుకు చెబుతున్నారు? వేల ఎకరాల హై ఫెన్స్ రాంచులున్నాయి. సెడార్ పొదలు, సున్నపురాతి గట్లు, వాగులు. ఆరేళ్ల పోతు అక్కడ రెండు రోజులు తిరిగినా కంటపడదు.

సుధారాణి: చంపడమే తప్పనే మాలాంటివాళ్లకు ఎకరాల లెక్కతో పనిలేదు.

నరసింహం: సరే, ఎన్ని ఎకరాలుంటే సరిపోతుందో మీరే చెప్పండి.

భాస్కర్_రాంచ్: ఎకరాలు ఎకరాలు అని అక్కడే తిరుగుతున్నారు. జింక వైపు నుంచి చూడండి. కంచె లోపల 80 గజాల్లో, రైఫిల్ ఆనించి, జింక పూర్తిగా పక్కకు తిరిగేదాకా ఆగి, భుజం వెనకగా ఛాతీ కింది మూడో వంతులో కొడితే గుండె, ఊపిరితిత్తులు పోతాయి. చాలావరకు వంద గజాల లోపే పడుతుంది. బయట 300 గజాల నుంచి తొందరపడి కొడితే పేగుల్లో తగులుతుంది. వెంటనే వెంటపడితే ఇంకా దూరం పోతుంది, అందుకని ఆరేడు గంటలు ఆగి వెతకాలి. ఈలోగా అది పక్కవాడి భూమిలోకి పోతే ఆయన ఒప్పుకోనిదే అడుగు పెట్టలేరు. ఏ చావు మేలు?

డా. లలిత (పశువైద్యం): ఇద్దరూ గుండు తగిలే క్షణం దగ్గరే ఆగిపోయారు. దానికి ముందు ఐదారేళ్లున్నాయి.

కొమ్ములు వసంతంలో మొలిచి ఆగస్టు చివరికి గట్టిపడతాయి. అంత వేగంగా పెరగడానికి కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్ తిండిలోంచి మొత్తం రావు. పోతు తన పక్కటెముకల్లోంచి లాగి కొమ్ములకు పెట్టి, తర్వాత మళ్లీ పూడ్చుకుంటుంది. మామూలు సమరూప కొమ్ములకు బూన్ అండ్ క్రాకెట్ శాశ్వత రికార్డుకు కనీసం 170 అంగుళాలు కావాలి, అది ఒక్క కొమ్ము పొడవు కాదు, కొమ్ముల కొలతలన్నీ కలిపిన లెక్క. పెంపకం దొడ్లలో కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాలతో, 20 శాతం ప్రోటీన్ గుళికలతో 300 దాటిన అడ్డదిడ్డపు కొమ్ములు తయారు చేస్తున్నారు. కొమ్ముల కోసమే ఎంచి కలిపిన జంతువు అది. మొక్కజొన్నలో ప్రోటీన్ 8, 9 శాతమే, పిండి పదార్థం ఎక్కువ. అలవాటు లేని జింక ఒక్కసారిగా మెక్కితే పొట్టలో ఆమ్లం పెరిగి చచ్చిపోతుంది కూడా.

ఇక క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకలు చిక్కిపోయి చచ్చే జబ్బు. మొదట గుర్తించింది 1967లో, కొలరాడోలో పరిశోధన కోసం దొడ్లలో ఉంచిన మ్యూల్ జింకల్లో. కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, వంకర తిరిగిన ప్రోటీన్. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా నేలలో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. మందు లేదు, టీకా లేదు. సోకిన జింక ఏడాదికి పైగా నిగనిగలాడుతూనే తిరుగుతుంది. గట్టి నిర్ధారణకు చచ్చాక మెదడు కాండం, గొంతు వెనక లింఫు గ్రంథులు తీసి చూడాలి. అలాంటి జింకల్ని ట్రైలర్లలో ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి తిప్పుతున్నారు. కంచె ఆపుతుందా? అడవి పందులు కింద తవ్వుతాయి. వాగు దాటే చోట వరదకు కొట్టుకొచ్చిన దుంగలు వైరును పెకలిస్తాయి. తీగల మధ్య ముక్కూ ముక్కూ ఆనించుకుంటాయి. లాభం లోపలివాళ్లది, ముప్పు బయటి జింకలది.

భాస్కర్_రాంచ్: డాక్టరు గారూ, టెక్సస్‌లో ఆ జబ్బు మొదట దొరికింది 2012లో, బయట తిరిగే మ్యూల్ జింకల్లో. పెంపకం దొడ్లో దొరికింది 2015లో. ఆ మాట ఎందుకు వదిలేశారు? ఒక్కటి పాజిటివ్ వస్తే చాలాసార్లు మందంతా చంపిస్తారు. పరీక్షల ఖర్చు మాది, నష్టం మాది, నింద కూడా మాదేనా? 1970లో పాకిస్తాన్‌లోని లాల్ సుహాన్రా అభయారణ్యానికి కృష్ణజింకల్ని పంపింది టెక్సస్. ఇక్కడ వాటికి ధర ఉంది కాబట్టే పంపడానికి మిగిలాయి. మేకల మందను కోసేవాణ్ని ఎవరూ అడగరు. నా డబ్బుతో మేపుకున్న నా మంద గురించి మాత్రం అందరూ తీర్పులు చెప్పేవాళ్లే.

నరసింహం: "నా మంద" అన్నారు. ఇన్ని పోస్టులుగా నేను చెప్పలేకపోయింది అదే. మందైతే కోసుకోండి, నేనూ మేకమాంసం తినేవాణ్నే. కానీ మేపినంతకాలం పశువు, ఫీజు కట్టినవాడు మంచె ఎక్కగానే మృగం, ఇదెలా కుదురుతుంది? అదీకాక వైట్‌టెయిల్ మీది కాదు. అది రాష్ట్ర ప్రజల సొత్తని చట్టంలోనే ఉంది. దొడ్లో పుట్టినా పెంపకందారుడి ఆస్తి కాదని 2019లో ఆస్టిన్ అప్పీళ్ల కోర్టు కూడా చెప్పింది. అందరిదైన దానికి కంచె కట్టి అంగుళాల లెక్కన అమ్మడం నాకు మింగుడుపడదు. ఎకరాల గొడవ వదిలేస్తున్నాను.

భాస్కర్_రాంచ్: కృష్ణజింక, దుప్పి విషయంలో చట్టం నా వైపే ఉంది, అవి పశువుల కిందే లెక్క. ఆ రెండింటికీ "వేట" అనే మాట వాడకూడదంటే నాకు అభ్యంతరం లేదు. గోడకు తగిలించిన జింక తలను అడవిలో కొట్టానని అబద్ధం చెబితే ఆ తప్పు చెప్పినవాడిది, జింకకు జరిగిన అన్యాయం కాదు. వైట్‌టెయిల్ మీద మాత్రం ఒప్పుకోను. మేత, నీళ్లు, కంచె, పరీక్షలు అన్నీ నావైతే, జింక ప్రజలదంటే ఎలా?

డా. లలిత (పశువైద్యం): మోంటానా ప్రజలు 2000లో ఓటేసి, అప్పటికే ఉన్న పెంపకం దొడ్లను ఉండనిచ్చి ఫీజు తీసుకుని కాల్పించడాన్ని ఆపేశారు. రెంటినీ విడదీయవచ్చనడానికి అదే ఉదాహరణ.

సుధారాణి: మాంసం ఎవరు తింటున్నారో కూడా అడగండి. తల మాత్రమే తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు.

రమణ_ఆస్టిన్: ఫీజు కట్టేముందు రాంచ్ వాళ్లను ఏం అడగాలి?

భాస్కర్_రాంచ్: ఈ పోతు ఇక్కడే పుట్టిందా, ట్రైలరులో వచ్చిందా? వస్తే, వదిలి ఎన్నాళ్లయింది? చెవిలో పెంపకం దొడ్లో వేసే ట్యాగు రంధ్రం ఉందేమో చూడండి. వారం కిందట దించినదైతే దానికి పొదలెక్కడున్నాయో, నీళ్లెక్కడున్నాయో కూడా తెలియదు. అలాంటిదాన్ని నేనూ కొట్టనివ్వను.

నరసింహం: వారం కాదంటున్నారు. మరి ఎన్ని నెలలు?