కేయూనిట్‌లో ఐ2సీ రీడ్‌కు బదులు నకిలీ విలువ ఇవ్వడం ఎలా?

లినక్స్ 6.6 కెర్నల్‌లో, ఐ2సీ బస్ (చిప్‌లను కలిపే రెండు తీగల లింకు) మీద ఉండే ఒక ఉష్ణోగ్రత సెన్సార్ డ్రైవర్‌కు కేయూనిట్ (కెర్నల్‌లోని యూనిట్ టెస్టు ఫ్రేమ్‌వర్క్) టెస్టులు రాస్తున్నాను. కేయూనిట్.పై రన్ కమాండ్‌తో, డిఫాల్ట్ యూఎంఎల్ (కెర్నల్‌ను మామూలు ప్రోగ్రామ్‌లా నడిపే యూజర్ మోడ్ లినక్స్) మీదే నడుపుతున్నాను.

రిజిస్టర్‌లోని 12 బిట్లను మిల్లీడిగ్రీలుగా మార్చే ఫంక్షన్‌కు టెస్టులు పాస్ అవుతున్నాయి. మైనస్ 25 డిగ్రీలకు కూడా సరిగ్గా −25000 వస్తోంది. చిక్కంతా రిజిస్టర్ చదివే ఫంక్షన్‌తోనే. రీడ్ ఫెయిలైతే వచ్చే మైనస్ ఎర్రర్ కోడ్‌ను డ్రైవర్ ఉష్ణోగ్రతగా లెక్కగట్టకూడదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన టెస్టు అదే.

కేయూనిట్_కేజెడ్అలాక్‌తో (సున్నాలతో నిండిన మెమరీ ఇచ్చే ఫంక్షన్) ఖాళీ ఐ2సీ_క్లయింట్ (బస్ మీది పరికరాన్ని సూచించే స్ట్రక్చర్) తయారుచేసి పంపాను. అందులో అడాప్టర్ (బస్‌ను నడిపే కంట్రోలర్) నల్ కాబట్టి బస్ లాక్ దగ్గరే క్రాష్ అయి, "సెగ్‌ఫాల్ట్ విత్ నో ఎంఎం" అని కెర్నల్ పానిక్ వస్తోంది. ఆ తర్వాతి టెస్టులేవీ నడవడం లేదు. స్టాటిక్ స్టబ్ (టెస్టు సమయంలో ఒక ఫంక్షన్ బదులు నకిలీ ఫంక్షన్‌ను పిలిచే కేయూనిట్ సదుపాయం) వాడదామంటే, రీడైరెక్ట్ మాక్రోను అసలు ఫంక్షన్ మొదట్లోనే పెట్టాలి. ఆ రీడ్ ఫంక్షన్ ఐ2సీ కోర్‌లో ఉంది. నా టెస్టు కోసం కోర్ కోడ్‌ను ముట్టుకోవడం పద్ధతి కాదు.

ఇక రెండు దారులు కనిపిస్తున్నాయి: సొంత ఎస్ఎంబస్_ఎక్స్‌ఫర్ (రీడ్, రైట్‌లను నిర్వహించే కాల్‌బ్యాక్) ఉన్న నకిలీ అడాప్టర్‌ను టెస్టులోనే రిజిస్టర్ చేయడం, లేదా డ్రైవర్‌లో చిన్న రాపర్ ఫంక్షన్ రాసి దానికి స్టబ్ పెట్టడం. అప్‌స్ట్రీమ్‌కు (ప్రధాన లినక్స్ కెర్నల్‌కు) పంపే ప్యాచ్‌లో మెయింటెయినర్లు వీటిలో దేన్ని ఒప్పుకుంటారు?